పన్నెండో గీత దగ్గర ఆగిన మందు

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాట్పాడిలో నేనుండేది స్టేషనుకు దగ్గరే కాబట్టి, రైలుకు టైముందంటే నా దగ్గర కాఫీ తాగి పోతారు. "మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద తప్పేంటి మేడమ్?" అని మొన్న ఒక అమ్మాయి అడిగింది. మందు మార్చి ఇచ్చాననో, డోసు తప్పాననో చెబుతాననుకుంది పాపం. అలాంటివేవీ కాదు. మందు సరైనదే, డోసు సరైనదే, పంపు సరిగ్గానే తిరుగుతోంది. నేను వాగాను, అంతే. ఆ వాగుడు ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది. ఆ అమ్మాయికి రైలు టైమైపోయి సగంలోనే లేచిపోయింది. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

మాది వేలూరు పక్కనుండే గుడియాత్తం. లుంగీలు నేసే ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలోనూ తమిళమే. తెలుగు చదవడం, రాయడం పెళ్ళయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. వేలూరులో ఒక పెద్ద ఆసుపత్రి, అందులో గుండెజబ్బుల ఐసీయూ. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం అక్కడే గడిచింది. నాలుగైదు భాషలు వినిపించే చోటు అది. చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళూ బాగానే వస్తారు. కానీ మా గుడియాత్తం తెలుగు చెవిన పడిందంటే మాత్రం నాకు ఒళ్ళు తెలియదు. బీపీ చూడ్డానికి వెళ్ళి చుట్టరికం కలుపుకుని వచ్చేదాన్ని. మా హెడ్ సిస్టరు కేరళ మనిషి, నవ్వు తక్కువ. "మీ ఊరి పేషెంటు వస్తే నీకు కాపలాగా ఇంకో నర్సును వెయ్యాలి" అని తమిళంలో సణిగేది. ఆవిడ తమాషాకు అంటోందనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

సంగతి జరగడానికి వారం ముందు మా వార్డు డాక్టరు నర్సులందరికీ ఒక క్లాసు చెప్పాడు. కుర్రవాడు, బాగా చెబుతాడు. గుండె రక్తనాళంలో గడ్డ కట్టినప్పుడు మేం రోజూ ఎక్కించే టిరోఫిబాన్ అనే మందు గురించి. రక్తంలో ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు ఉంటాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుంటేనే గడ్డ కడుతుంది. దెబ్బ తగిలినప్పుడు అది మంచిదే, గుండె నాళంలో కడితేనే ముప్పు. ఒక రకం పాము విషంలో ఉండే ప్రోటీను, ఆ కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే చోటే అడ్డం పడుతుందట. ఆ పాము కరిచినవాళ్ళకు రక్తం ఆగకపోవడానికి ఉండే కారణాల్లో ఇదొకటి. దాన్ని చూసే ఈ మందు పుట్టిందని చెప్పి, డాక్టరు పాము బొమ్మ తెర మీద వేశాడు. నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. అది మా సురుట్ట విరియన్! తెలుగు పుస్తకాల్లో చిన్న పింజర అంటారు. మా ఊరి నుంచి మోర్ధానా అనే పల్లెకు పోయే దారిలో రాళ్ళ మధ్య చుట్టుకుని, పొలుసులు రాపాడించి గరగర చప్పుడు చేసే పాము. చిన్నప్పుడు దాని పేరు చెప్పి మా అమ్మ నన్ను సాయంత్రం ఇంట్లోకి లాగేది. అది ఇప్పుడు మా వార్డులో జనాన్ని బతికిస్తోందంటే నాకు గర్వంగా అనిపించింది. మా ఊరి మనిషికే ఏదో బిరుదు వచ్చినంత సంబరం. ఆ సంతోషంలో క్లాసు రెండో సగం సరిగ్గా వినలేదు. ఆ సగం వినుంటే ఈ కథే లేదు.

వారం తిరక్కుండానే గుడియాత్తం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. లుంగీ నేతలో చేయి తిరిగిన మనిషి. తెల్లవారుజామున మగ్గం గుంటలోకి దిగబోతూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. షేర్ ఆటోలో అక్కడి ఆసుపత్రికి, అక్కణ్ణుంచి అంబులెన్సులో మా దగ్గరికి తెచ్చారు. నాళం తెరిచి స్టెంట్ వేశారు. గడ్డ చాలా ఉంది, కొంత ఇంకా మిగిలింది కాబట్టి రేపు పొద్దున దాకా టిరోఫిబాన్ పంపు మీద పోతూ ఉండాలి, ఆపకూడదు అని రాసి పంపారు. నా డ్యూటీ మొదలయ్యేసరికి ఆయన నేను చూసుకోవాల్సిన మంచం మీద ఉన్నాడు. నొప్పి తగ్గింది, కళ్ళు తేటగా ఉన్నాయి.

"ఏ ఊరన్నా?" అన్నాను, చీటీ మీద ఊరి పేరు చూసి కూడా.

"గుడియాత్తం అమ్మా. నువ్వు మాట్లాడేది చూస్తే మన పక్కదానివి మాదిరి ఉండావే!"

అయిపోయింది. ఏ వీధి, ఎవరింటి పక్క, ఎన్ని మగ్గాలు, అంతా పావుగంటలో తేల్చుకున్నాం. ఆయన కళ్ళు మాత్రం పంపు మీదే ఉన్నాయి. సిరంజి మీది గీతలను లెక్క పెడుతున్నాడు. నేతగాడికి గళ్ళు లెక్కపెట్టే అలవాటు చేతినుంచి పోయినా కంటినుంచి పోదు.

"ఇదేం మందమ్మా, ఇంత మెల్లిగా పోతా ఉండాది?"

రక్తం గడ్డకట్టకుండా చేసే మందన్నా అని ఊరుకోవచ్చు. ఆయన అడిగిందీ అంతే. నేనేమో కుర్చీ దగ్గరికి లాక్కుని, పెద్ద రహస్యం చెబుతున్నట్టు, "మన సురుట్ట విరియన్ లేదూ అన్నా, ఆ పాము విషంతో చేసింది. ఆ విషమే నీ గుండెని కాపాడతా ఉండాది చూడు!" అన్నాను.

ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఆపెయ్యమ్మా" అన్నాడు.

"ఏందన్నా?"

"ఆపెయ్యి. నాకొద్దు. నువ్వు ఆపకపోతే నేనే పెరికేస్తాను." ఎడమ చేత్తో కుడిచేతి మీది ప్లాస్టర్ అంచు పట్టుకున్నాడు. గొంతు పెంచలేదు. మర్యాదగా, నిశ్చయంగా అన్నాడు. పెరికితే ఆ మందు మీద ఉన్న మనిషికి రక్తం ఆగదు. నేను పంపు ఆపి డాక్టర్ని పిలిచాను.

అప్పుడు చెప్పాడు ఆయన. ఇరవై ఏళ్ళ వయసులో మోర్ధానా దగ్గర మేనమామ పొలంలో వేరుశనగ పీకుతుంటే అదే పాము కరిచింది. పళ్ళలోంచి రక్తం కారిందట. ఆసుపత్రికి ఎవరూ తీసుకుపోలేదు. అక్కడొక నాటువైద్యుడు ఆకు పసరు తాగించి, మంత్రం వేసి, పథ్యం పెట్టాడు. అగత్తికీర, అంటే అవిసాకు, చచ్చేదాకా నోట పెట్టకూడదు. పెడితే మందు విరిగిపోతుంది, లోపల కట్టి ఉంచిన విషం లేస్తుంది. ఆ పాము విషం రెండోసారి ఒంట్లోకి దిగిందా, ఇక ఏ మందూ పట్టదు. మా వైపు ఇళ్ళల్లో ఇలాంటి పథ్యాలు నాకు కొత్త కాదు. మా పెదనాన్నకూ ఒకటుండేది. అది తెలిసిన మనిషినై ఉండి కూడా, పాము కరిచిందా ఎప్పుడైనా అని ఒక్క మాట అడక్కుండా విషం కథ చెప్పాను. వేరే ఊరి నర్సైతే ఈ తప్పు చేసేది కాదు, ఆమెకు సురుట్ట అన్న పేరే తెలియదు కాబట్టి.

డాక్టరు వచ్చాడు, విన్నాడు, నా వైపు ఒక చూపు చూశాడు. పెద్దాయనకు తమిళంలో ఓపిగ్గా చెప్పిచూశాడు. పెద్దాయన చేతులు జోడించి "వేండా సార్" అని వద్దన్నాడు, అంతే. నన్ను పక్కకు పిలిచి డాక్టరు, "ముందు ఎక్కిన మందు కాసేపు పనిచేస్తుంది. గంటలోపు మళ్ళీ మొదలుపెడితే భయం లేదు. ఆ తర్వాత స్టెంట్ మూసుకుపోతే ఏమవుతుందో నేను చెప్పలేను" అన్నాడు.

"వేరే మందు వెయ్యలేమా సార్?"

"ఉంది. అది కూడా పాముదే. వేరే దేశం పాము."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అవతల హెడ్ సిస్టరు నిలబడి అంతా విన్నది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "మందు మార్చామని చెప్పు. ముందు బతకనీ, తర్వాత నిజం చెప్పుకుందువు" అని చిన్నగా అని వెళ్ళిపోయింది.

మంచి సలహానే అనిపించింది. భయంలో ఉన్నప్పుడు అబద్ధం చాలా తెలివైనదిగా కనిపిస్తుంది. సిరంజి పంపులోంచి తీసి, ట్రేలో పెట్టుకుని, నర్సుల బల్ల వెనక్కి తీసుకుపోయి, అయిదు నిమిషాలు నిలబడి, అదే సిరంజి తిరిగి తెచ్చాను.

"మార్పించినానన్నా. ఇది వేరే మందు."

ఆయన సిరంజి వైపు చూశాడు. ఆయనకు ఏ భాషా చదవడం రాదు. లేబుల్ మీద ఏముందో ఆయనకు తెలిసే దారి లేదు. అందుకే నాకు ధైర్యం.

"ఇందాక పన్నెండో గీత కాడ నిలబడి ఉన్నింది" అన్నాడు. "ఇప్పుడూ పన్నెండో గీత కాడే ఉండాది. కొత్తదైతే నిండుగా ఉండాల గదమ్మా?"

నేనూ సిరంజి చూశాను. పన్నెండే.

"మనూరి దానివని నిన్ను నమ్మినాను" అన్నాడు. కోపం కూడా లేదు ఆ మాటలో. నా జన్మలో అంత సిగ్గు పడింది లేదు.

సిరంజి పక్కన పెట్టేసి, పరుగున డాక్టరు దగ్గరికి పోయాను. "సార్, ఆ రోజు క్లాసులో చెప్పింది మళ్ళీ చెప్పండి. నేను రెండో సగం వినలేదు" అన్నాను. పాపం ఆ కుర్రవాడు కసురుకోలేదు. ఈసీజీ కాగితం చేతిలో పట్టుకునే, నిలబడే చెప్పాడు. నేను ప్రతి మాటా వేళ్ళు మడుచుకుని విన్నాను. అప్పటికి పంపు ఆగి అరగంట అయింది.

తిరిగి వచ్చి ఈసారి కుర్చీలో కూర్చోలేదు.

"అన్నా, నేను రెండు తప్పులు చేసినాను. ఇది వేరే మందని అబద్ధం చెప్పినాను. ఇది ఆ మందే. దానికి ముందర, పాము విషంతో చేసిందని చెప్పినాను. అదీ తప్పే. ఇందులో విషం లేదు. విషంలో ఒకటుండాది, దాని రూపం ఎట్లుండాదో చూసి, అట్లాంటిదే ఫ్యాక్టరీలో చేసినారు."

ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. వింటున్నాడో లేదో తెలియదు. కళ్ళు తెరవకుండానే, "శాంపిల్ చూసి నేసినట్టా?" అన్నాడు.

"అంతే! శాంపిల్ చూసి నేసినట్టే."

"నూలు ఎవరిది?"

"ఫ్యాక్టరీదే."

"పాత పడుగుకు అతికినారా, విడిగా పడుగు పోసినారా?"

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు, పాత పోగుల కొసలకే కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతారు. మా అమ్మ వేళ్ళకు బూడిద అద్దుకుని రోజంతా ఆ పనే చేసేది. అట్లా నేసిన కొత్త బట్ట మొదట్లో పాత పోగు కొంచెం ఉంటుంది. ఈయన అడుగుతున్నది అదే: పాము పోగు ఒక్కటైనా ఇందులో ఉందా? నాకు తెలిసినట్టు చెప్పేయవచ్చు. పొద్దుటి నుంచి తెలిసినట్టు చెప్పే వచ్చాను ఇంతదూరం.

"తెల్దన్నా. అడిగొస్తాను" అన్నాను.

డాక్టరుకు ముందు పడుగంటే ఏంటో చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక ఆయనే లేచి నాతో వచ్చాడు. మంచం పక్కన వంగి, తమిళంలో, "ఒక్క పోగు కూడా లేదయ్యా. పామును ఎవరూ ముట్టుకోలేదు. పొడి రసాయనాలు కలిపి మొదటినుంచీ కొత్తగా చేసిందే" అన్నాడు.

పెద్దాయన తల ఊపాడు. "నాకు సరే" అన్నాడు. నేను పంపు వైపు చేయి చాచాను. "ఉండమ్మా. మా ఆడామెను అడుగు. ఇన్నేండ్లు పథ్యం కాపాడింది నేను కాదు, ఆమె. ఆమె సరేనంటే ఎక్కించు."

బయట బంధువుల బెంచీ మీద ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. బక్కపలచని మనిషి, ఒళ్ళో ఆయన చొక్కా మడిచి పెట్టుకుని ఉంది. జరిగిందంతా గబగబా చెప్పాను. నా తప్పులతో సహా చెప్పాను, అప్పటికి అలవాటైపోయింది. సరేనంటుందనో, పథ్యం అంటుందనో చూస్తున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీ మందు ఏమి చేస్తాదమ్మా ఇంక? పథ్యం ఎప్పుడో చెడిపోయింది. చెడగొట్టింది నేనే."

పోయిన ద్వాదశికి ఆడబిడ్డ ఇంట్లో భోజనాలు. వడ్డించే చేతులు తక్కువై ఈమె కూడా వడ్డించింది. పప్పులో ఆకు మునగాకు అనుకుంది. తన చేత్తోనే ఆయన విస్తట్లో వేసింది. గిన్నె కడిగేటప్పుడు చూస్తే అగత్తికీర. "ఎవురికీ చెప్పలేదమ్మా. పది దినాలు నిద్ర లేదు. ఈ పొద్దు గుంట కాడ పడిపోయినాడు. నేనే చంపుకున్నాను నా మొగుణ్ణి."

"అక్కా, గుండె నాళంలో ఆ అడ్డు పది దినాల్లో కట్టింది కాదు. ఏండ్లుగా కడతా వచ్చింది. ఆయన బీడీ తాగుతాడా?"

"తాగుతాడు. కట్టకు కట్ట."

"అది చేసింది ఇది. నీ పప్పు కాదు. కావాలంటే డాక్టరు నోటితో చెప్పిస్తాను."

ఆమె నా ముఖంలోకి చూసింది, నమ్మాలా వద్దా అన్నట్టు. నమ్మకపోతే తప్పు ఆమెది కాదు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "పద, నేనే చెప్తాను ఆయనకి" అంది. ఐసీయూలోకి ఆ టైములో బంధువులను పంపకూడదు. హెడ్ సిస్టరు తలుపు దగ్గరే ఉంది. మా ఇద్దరి ముఖాలూ చూసి, తలుపు తనే తెరిచి పట్టుకుంది.

ఆమె మంచం పక్కన నిలబడి, తల దించుకుని, ద్వాదశి భోజనం సంగతి చెప్పింది. ఆయన అంతా విని, "తెలుసులే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మునగాకుకూ అగత్తికీరకూ తేడా తెల్దా నాకు? మొదటి ముద్దకే తెలిసింది."

"మరి ఏల తిన్నావు?"

"నువ్వు వడ్డించినావు. అంతమందిలో నేను ఆకు తోసేస్తే నువ్వు యాడ మొహం పెట్టుకుంటావు? ఏడస్తా కూర్చుంటావు. సరే, ఏమైతే అదయితాదని తినేసినాను." మళ్ళీ తనే, "పొద్దున నొప్పి వచ్చినప్పుడు అనుకున్నాను, ఇదే అని. ఇంక ఆ విషం మళ్ళీ దిగితే నేను ఇంటికి రాననుకున్నాను. అందుకే వద్దన్నాను" అన్నాడు.

పది రోజులు ఒకే నాలుగు గోడల మధ్య, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే భయాన్ని మోశారు ఇద్దరూ. ఆమె ఏడుస్తూనే ఆయన చేతి మీద చిన్నగా కొట్టింది, సూది లేని చేతి మీద. డాక్టరు ముందుకు వచ్చి, గుండె నాళం ఎట్లా మూసుకుంటుందో, బీడీ ఏం చేస్తుందో ఇద్దరికీ చెప్పాడు. ఆయన అంతా విని నా వైపు తిరిగాడు.

"ఎక్కించమ్మా. పన్నెండో గీత కాణ్ణుంచే."

పంపు మీట నొక్కాను. ఆగి అప్పటికి యాభై నిమిషాలు. హెడ్ సిస్టరు వెనకనుంచి చూస్తోందని తెలిసి కూడా, గీత కదిలేదాకా అక్కడే నిలబడి చూశాను. మధ్యాహ్నం తీసిన ఈసీజీ బాగుంది. ప్లేట్‌లెట్ల లెక్క బాగుంది. ఎక్కడా రక్తం కారలేదు. బాత్రూములోకి పోయి తలుపేసుకుని, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాను. అది బాధ కాదు. ఒక మనిషిని చంపకుండా మిగిలిపోయానన్న ఊరట అది.

పంపు ఆగిన సంగతంతా రిపోర్టు రాశాను, నేను వాగింది, అబద్ధం చెప్పింది, రెండూ. హెడ్ సిస్టరు చదివి సంతకం పెట్టింది. "అబద్ధం సలహా నాది. అది రాయలేదేం?" అంది. తన పెన్నుతో ఆ వాక్యం తనే రాసింది. ఇద్దరికీ హెచ్చరిక కాగితాలు వచ్చాయి. నాది ఇప్పటికీ దాచుకున్నాను.

పిల్లలూ, రోగికి ఏమీ చెప్పొద్దని నేను అనను. చెప్పాలి. కానీ మీకెంత తెలుసో అంతే చెప్పండి. ఎదుటివాడు ఆశ్చర్యపోతే చూసి సంతోషించడానికి చెప్పకండి. తెలియనిది అడిగితే తెలియదనండి. ఆ రోజంతటిలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అదే.

మర్నాడు పొద్దున మందు అయిపోయింది. ఆఖరి గీత దాటేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు, అయ్యాక నాకంటే ముందే "అయిపోయిందమ్మా" అన్నాడు. డాక్టరు వచ్చి చూసి, ఇంక భయం లేదు, రేపు మామూలు వార్డుకు మార్చేద్దామన్నాడు. ఆ మాట చెబుదామని బయటికి వచ్చాను. ఆమె బెంచీ మీద గోడకు తల ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఒళ్ళో చొక్కా జారిపోయి కింద పడింది. పదకొండు రోజుల నిద్ర అది. పక్కనున్న ఎవరో ఆమె భుజం తట్టబోయారు. వద్దని చేత్తో ఆపి, చొక్కా తీసి మడిచి నా ఒళ్ళో పెట్టుకుని, ఆమె లేచేదాకా పక్కనే కూర్చున్నాను. అన్నేళ్ళ ఉద్యోగంలో, డ్యూటీ టైములో, ఆ బెంచీ మీద నేను కూర్చోవడం అదే మొదటిసారి. హెడ్ సిస్టరు అటుగా రెండుసార్లు వచ్చి, చూసి, వెళ్ళిపోయింది.